గృహస్థులు - గృహనిర్మాతలు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పినారు. ఆ సామెత పుట్టిన కాలమున ఇల్లు కట్టెడివాడు మన యూరి మేస్త్రీయే. అతని తండ్రి మన తండ్రికి ఇల్లు కట్టియుండెను. గోడ బీటవారినచో నలుగురిలో తలవంచుకొనవలసి వచ్చునను వెరపు మేస్త్రీకి గలదు. కూలి ఎగవేసినచో మరల తన గడప ఎవ్వడును త్రొక్కడను భయము ఇంటివానికి గలదు. ఆ వెరపును, ఆ భయమును వారిద్దరి నడుమ ఒప్పందపత్రములై నిలిచినవి. నేడు సామెత మిగిలినది. దాని వెనుకనున్న కట్టుబాటు మిగులలేదు. ఇల్లు కట్టువాడెవ్వడో కట్టించుకొనువాడెరుగడు. కట్టించుకొనువాని పేరుకంటె అతడీయవలసిన వాయిదాయే కట్టువానికి జ్ఞప్తియందుండును. ఊరి కట్టుబాటు పోయినచోట చట్టము రావలెను. చట్టము వచ్చినది, కాని చిన్న ఇంటివాని గడపవరకు రాక నడిదారిలో నిలిచినది. ఆ మిగిలిన దారిని గూర్చియే మేమీవారము మా పాఠకులతో ముచ్చటింపదలచినాము.

న్యాయవాదవృత్తిలోనున్న మాకు ఈ తగాదాలు క్రొత్తవి కావు. ఇటీవల ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు మా యొద్దకు వచ్చినాడు. ముప్పదియేండ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాడు. ఉద్యోగవిరమణమునాడు చేతికివచ్చిన సొమ్ముతో 150 గజముల స్థలమునందు ఇల్లు కట్టింపబూనినాడు. చదరపు అడుగునకింత అని కంట్రాక్టరుతో నోటిమాటగా కుదుర్చుకొన్నాడు. స్లాబు పడువరకు అంతయు సవ్యముగనే జరిగినది. పిమ్మట మెట్లును, నీటితొట్టియు, ప్రహరీగోడయు ఆ ధరలోనివా కావా యను ప్రశ్న పుట్టినది. కావని కంట్రాక్టరు, అగునని యజమాని. పని నిలిచిపోయినది. సెంట్రింగు విప్పిన మరునాడే మనుష్యులు మరియొక పనికి తరలిపోయిరి. మీకున్న ఆధారమేమని మేమడుగగా ఆయన సంచిలోనుండి ఒక చిన్న పుస్తకము తీసినాడు. పాల లెక్కలు వ్రాసికొను పుస్తకమది. అందొక పుటలో తేదీలును, ఇచ్చిన మొత్తములును ఉన్నవి. పుచ్చుకొన్నవాని సంతకము ఒక్కచోటను లేదు. పిల్లవాడు లెక్కలో ఒక మెట్టు వదలినను మార్కు తగ్గించిన ఆ పెద్దమనిషి, తన జీవితములోని అన్నిటికంటె పెద్ద లెక్కలో మెట్లన్నియు వదలివేసినాడు. ఎందువలన నిట్లు చేసితిరని అడిగినాము. "కాగితము వ్రాయుమని అడుగుటకు మొగమాటమైనదండీ" అని ఆయన ప్రత్యుత్తరము.

ఈ మొగమాటమునకు మనవారు మర్యాద యని పేరు పెట్టుకొన్నారు. పెండ్లికి లగ్నపత్రిక వ్రాసికొనుట మర్యాదకు లోపమా? పొలము కౌలుకిచ్చునప్పుడు కౌలుకాగితము వ్రాసికొనుట వైరమునకు గుర్తా? ఇంటి విషయమునందు మాత్రమే మన కలము ఎందులకు వెనుదీయవలెను? కాగితము అపనమ్మకమునకు చిహ్నము కాదు. ఇద్దరు సత్పురుషులైనను ఒకే మాటను రెండు విధములుగా జ్ఞాపకముంచుకొనగలరు. ఆ రెండు జ్ఞాపకముల నడుమ పక్షపాతము లేని సాక్షి కాగితమొక్కటే.

"చదరపు అడుగునకింత" యను మాటనే పరిశీలింపుడు. ఇంతకంటె తేటయైన మాట లేదని తోచును. ఇంతకంటె అస్పష్టమైనదియు లేదు. గోడల మందము చేర్చి కొలువవలెనా, లోపలి నేలను మాత్రమే కొలువవలెనా? సజ్జలు లెక్కలోనికి వచ్చునా? మేడమెట్లు ఒకసారి కొలువబడునా, అంతస్తునకొకసారి కొలువబడునా? పునాది ఎంతలోతు వరకు ఈ ధర వర్తించును? తలుపులు టేకువా, వేపవా? కరెంటు తీగెలును, కుళాయిలును ఎవరి ఖర్చు? ధర ఇనుము పెరిగినను మారదా? ఈ ప్రశ్నలలో ఒక్కదానికైనను ఆ ఒక్కమాటలో జవాబు లేదు. జవాబు లేని ప్రతి ప్రశ్నయు ఒక తగాదాకు విత్తనమే. తక్కువ ధర చెప్పి పని పట్టినవాడు ఆ విత్తనములను "అదనపు పని" యను పేర పైరుచేసికొనును.

నాణ్యమును గూర్చిన జగడములును ఇట్టివే. కాంక్రీటు పోసిన పిమ్మట దానిని సాధారణ సిమెంటైనచో కనీసము 7 దినములును, మిశ్రమ సిమెంటైనచో కనీసము 10 దినములును తడిగా నుంచవలెనని భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. నీళ్లు పట్టు పని ఎవ్వరిది? కూలి కంట్రాక్టునందు అది యజమానిదని మేస్త్రీ తలంచును. మేస్త్రీదని యజమాని తలంచును. స్లాబు నడుమ ఎండిపోవును. రెండవ వానకాలమున చెమ్మ దిగినప్పుడు ఇద్దరును ఒకరినొకరు దూషించుకొందురు. నల్లరేగడి నేలలలో మరియొక చిక్కు గలదు. ఆ మన్ను వానకు ఉబ్బి, ఎండకు కుదించుకొనిపోవును. నేల తీరెరిగి పునాది వేయనిచో గోడలు మూలమూలలను పగులును. అప్పుడు నేల దోషమని కట్టినవాడును, సిమెంటు దోషమని కట్టించుకొన్నవాడును వాదింతురు. నేలను ముందుగా పరీక్షింపజేసి ఇంజనీరుచేత పటము వ్రాయించియున్నచో ఈ వాదమే పుట్టదు. ఇంజనీరునకీయవలసిన వేలు మిగుల్చుకొని లక్షలు పోగొట్టుకొనుట పొదుపనిపించుకొనునా?

నోటిమాట ఒప్పందము చెల్లదని మేము చెప్పుటలేదు. 1872 నాటి ఒప్పందముల చట్టము దానిని త్రోసివేయలేదు. చెల్లుట వేరు, రుజువగుట వేరు. న్యాయాధిపతి మీ ముఖము చూచి తీర్పు చెప్పడు, మీ కాగితము చూచి చెప్పును. కాలమును వేచియుండదు. వినియోగదారుల కమిషనునకు పోవుటకు వ్యాజ్యకారణము పుట్టిననాటినుండి రెండేండ్ల గడువు. సివిలుకోర్టునందు ఒప్పందభంగమునకు సాధారణముగ మూడేండ్లు. "రేపు చేసెదను, పండుగ వెళ్లిన పిదప చేసెదను" అను కంట్రాక్టరు మాటలను నమ్మి కూర్చున్నవారి గడువు ఆ పండుగలతోడనే వెళ్లిపోవుచున్నది.

సొంతముగా కట్టించుకొనువారి కథ ఇది. స్థలము నిర్మాతకిచ్చువారి కథ మరియొక తీరు. తాతలనాటి పెంకుటింటి చోటును బిల్డరు చేతికిచ్చి, కట్టిన ఫ్లాట్లలో ఇంత వంతు నాకు, ఇంత వంతు నీకు అని వ్రాసికొనుట నేడు మన పట్టణములలో సర్వసాధారణమైనది. దీనినే డెవలప్‌మెంటుకిచ్చుట యందురు. ఒప్పందముతోడనే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీయు అదే దినమున వ్రాసియిచ్చెదరు. ఒక్క ఇటుకయైన పేర్వకముందే నిర్మాతకు తన వంతును అమ్ముకొను అధికారము వచ్చును. అతడు ముందుగా తన వంతు ఫ్లాట్లు ముగించి అమ్ముకొనును. స్థలయజమాని వంతైన అంతస్తు మాత్రము తలుపులు లేక, కిటికీలు లేక దిగంబరముగ నిలుచును. యజమానుడు అద్దె యింటిలో నుండి నెలనెల అద్దె చెల్లించుచు, తన స్థలముమీద తెలియనివారి దీపములు వెలుగుచుండ చూచుచుండును.

ఇట్టి యజమాని కేవలము వ్యాపారభాగస్థుడనియు, వినియోగదారుడు కాడనియు నిర్మాతలు చిరకాలము వాదించిరి. ఫకీర్ చంద్ గులాటీ వ్యాజ్యెమునందు 2008వ సంవత్సరమున సుప్రీముకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చినది. తన స్థలముమీద తనకు ఇల్లు కట్టియిమ్మని నిర్మాతతో ఒప్పుకొన్న యజమాని సేవను పొందువాడేయనియు, అతడు వినియోగదారుల న్యాయస్థానమునకు పోవచ్చుననియు తీర్పు చెప్పినది. ఈ తీర్పును ఎరిగినవారు మన పట్టణములలో ఎందరు? మరియొక సంగతి ఆలోచింపదగినది. 2012 నాటి కట్టడముల నియమావళిలో, పెద్దపాటి కట్టడమునకు అనుమతి యిచ్చునప్పుడు నిర్మితభాగములో 10 శాతమును అధికారులు హామీగా తమ వశమున నుంచుకొను పద్ధతి పెట్టబడినది. ఆమోదించిన పటము ప్రకారము కట్టి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు పుచ్చుకొన్న పిమ్మటనే దానిని విడుదల చేయుదురు. సర్కారువారే హామీ లేనిది నిర్మాతను నమ్మనప్పుడు, స్థలమంతయు ధారపోసిన గృహస్థు హామీ యడుగుటకు సిగ్గుపడనేల? అమ్ముకొను అధికారమును ఒక్కసారిగా గాక అంతస్తు లేచినకొలది విడతలుగ నిచ్చుట ఎందులకు నేర్చుకొనరాదు?

మూడవ తెగవారు ఫ్లాటు కొనువారు. వీరి బాధ అచ్చుకాగితముతో ఆరంభమగును. చెట్లు, ఈతకొలను, నవ్వుచున్న పిల్లలు గల రంగుల బొమ్మ చూచి బయానా యిత్తురు. పిమ్మట వచ్చు ఒప్పందము అరువదిపుటల ఇంగ్లీషులో నుండును. సంతకము చేయుటకు అరగంట వ్యవధి. 2019 ఏప్రిలులో సుప్రీముకోర్టు విచారించిన గురుగ్రాము వ్యాజ్యెమొకటి ఈ ఒప్పందముల స్వరూపమును బట్టబయలు చేసినది. కొనువాడు వాయిదా ఆలస్యము చేసినచో 18 శాతము వడ్డీ చెల్లింపవలెను. కట్టువాడు ఇల్లు ఆలస్యము చేసి సొమ్ము తిరిగి ఇయ్యవలసివచ్చినచో 9 శాతము వడ్డీ ఇచ్చిన చాలును. ఒకే కాగితము, ఒకే ఆలస్యము, రెండు తక్కెడలు! ఇట్టి ఏకపక్షపు షరతులకు కొనువానిని బద్ధుని చేయరాదని న్యాయస్థానము తీర్మానించినది.

కొలతలోను రెండు తక్కెడలే. "1500 చదరపు అడుగులు" అని అమ్మిన ఫ్లాటులో మెట్లు, లిఫ్టు, నడవలలో వంతులు కలిసియుండును. వాడుకకు వచ్చు నేల ఎంతయో గృహప్రవేశమునాడు మంచము వేయబోయినప్పుడు గాని తెలియదు. ఇక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు మాట ఎత్తినచో "అది వచ్చునులెండి, ముందు పాలు పొంగించుకొనుడు" అందురు. ఆ పత్రము లేని ఇంటిలో కాపురముండుట, రిజిస్ట్రేషను కాని పొలములో నాట్లు వేయుటవంటిది. తాళపుచెవి యిచ్చునప్పుడు "నాకెట్టి తగాదాయు లేదు" అని ఒక కాగితముమీద సంతకము పుచ్చుకొనుట కడపటి ఉపాయము. అద్దెయు బాంకువాయిదాయు రెండును మోయుచున్న సంసారి ఏ కాగితముమీదనైనను సంతకము చేయును. ఈ విషయమునందును 2020 ఆగష్టులో బెంగుళూరు ఫ్లాట్ల వ్యాజ్యెమునందు సుప్రీముకోర్టు ఒక మేలైన మాట చెప్పినది. ఇల్లు స్వాధీనము చేసికొన్నంతమాత్రమున, రిజిస్ట్రేషను చేయించుకొన్నంతమాత్రమున, ఆలస్యమునకు పరిహారమడుగు హక్కు పోదని ఆ తీర్పు సారాంశము.

గృహనిర్మాణము వినియోగదారుల చట్టపరిధిలోని సేవయేయని 1993లో లక్నో నగరాభివృద్ధి సంస్థ వ్యాజ్యెమునందు తీర్పు వచ్చిననాటినుండి న్యాయస్థానములు మెల్లమెల్లగ గృహస్థు పక్షమున అడుగులు వేయుచు వచ్చినవి. 2016వ సంవత్సరమున పార్లమెంటు స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టమును చేసినది. రేరా యని జనులందరును పిలుచుచున్నదదియే. అది 2017 మే 1 నాటికి పూర్తిగ అమలులోనికి వచ్చినది. దానిలోని ముఖ్యాంశములు ప్రతి గృహస్థునకును కంఠస్థము కావలసినవి. రిజిస్టరైన ఒప్పందము లేనిదే ధరలో 10 శాతమునకు మించి పుచ్చుకొనరాదు. కొనువారినుండి వచ్చిన సొమ్ములో 70 శాతము ప్రత్యేకమైన బాంకుఖాతాలో నుంచి ఆ స్థలమునకును, ఆ కట్టడమునకును మాత్రమే వాడవలెను. అమ్మకము కార్పెట్ ఏరియా చొప్పున, అనగా లోపలి వాడుకనేల చొప్పున జరుగవలెను. ఆరుబయటి వాహనస్థలము ఉమ్మడి ఆస్తి. గడువునకు ఇల్లీయనిచో కొన్నవాడు వడ్డీతో సొమ్ము తిరిగి పుచ్చుకొనవచ్చును. ఇల్లే కావలెనన్నచో ఆలస్యమైన ప్రతినెలకును వడ్డీ పుచ్చుకొనవచ్చును. ఇరుపక్షములవారి వడ్డీరేటును ఒక్కటే. స్వాధీనము చేసిననాటినుండి 5 సంవత్సరములలోపల కట్టడమునందుగాని పనితనమునందుగాని లోపము కానవచ్చినచో, తెలియజేసిన 30 దినములలో నిర్మాత తన ఖర్చుమీద సరిచేయవలెను.

ఇన్ని హక్కులున్నవిగదా, ఇంకను మొరయేల యని పాఠకులడుగవచ్చును. చట్టము మూడవ ప్రకరణమును చదువుడు. 500 చదరపు మీటర్లు మించని స్థలములోని కట్టడములకుగాని, ఎనిమిదికి మించని ఇండ్లకుగాని రిజిస్ట్రేషను అవసరములేదని అందున్నది. 500 చదరపు మీటర్లనగా సుమారు 598 గజములు. మన కాకినాడలో, ఏలూరులో, కర్నూలులో, వరంగల్లులో, నిజామాబాదులో వీధివీధిని లేచుచున్న అపార్టుమెంట్లను కనులార చూడుడు. 300, 400 గజములలో లేచినవి ఎన్ని లేవు? ఆ ఇండ్లు కొనువారెవ్వరు? గుమాస్తాలు, ఉపాధ్యాయులు, చిల్లర వర్తకులు, ఊరిలోని పొలమమ్మి బిడ్డల చదువులకై పట్టణము చేరిన రైతులు. హైదరాబాదులో ముప్పదియంతస్తుల మేడయందు ఫ్లాటు కొనగలిగినవానికి రిజిస్ట్రేషను సంఖ్య గలదు, 70 శాతపు ఖాతా గలదు, మూడునెలలకొకసారి పని ఎంతవరకు వచ్చెనో ప్రకటింపవలెనను నిబంధన గలదు. 350 గజములలో పదవవంతు కొన్న గుమాస్తాకు ఇవి యేవియు లేవు. సొంతస్థలములో కట్టించుకొను ఉపాధ్యాయుని పేరైన ఈ చట్టమెరుగదు. వేయి గొఱ్ఱెల మందకు కంచె వేసి, పదిగొఱ్ఱెల వానిని తోడేలునకు వదలుట ఏమి కాపరితనము? మందలో ఒక గొఱ్ఱె పోయినను కాపరి బ్రతుకును. పదింటివాని కదియే సర్వస్వము.

పార్లమెంటు ఈ తలుపును పూర్తిగ మూసివేయలేదు. అదే ప్రకరణమునందు, అవసరమని తోచినచో ప్రభుత్వము ఈ పరిమితిని ఇంకను తగ్గింపవచ్చునని స్పష్టముగ నున్నది. క్రొత్తచట్టము అవసరములేదు. ఢిల్లీకి పోవలసిన పనిలేదు. ఆంధ్రప్రదేశ, తెలంగాణ ప్రభుత్వములు ఆ అధికారమును వినియోగించి, ముగ్గురు నలుగురికి మించి అమ్ము ప్రతి కట్టడమును రిజిస్ట్రేషను క్రిందికి తేవలెనని మా నిశ్చితాభిప్రాయము. చిన్న నిర్మాతకు ఇది భారమగుననువారున్నారు. రుసుము తగ్గింపుడు, పత్రములు తెలుగులో సులభముగ నుండునట్లు చేయుడు. భారము తగ్గించుట న్యాయమే. బాధ్యత తీసివేయుట న్యాయము కాదు.

సొంత ఇల్లు కట్టించుకొనువారికై మరియొక యేర్పాటు కావలెను. రేరా నియమములలో ఫ్లాటు అమ్మకమునకు ఒప్పందపు నమూనా నిచ్చినట్లే, ఇంటి కంట్రాక్టునకును నాలుగైదు పుటల తెలుగు నమూనాను ప్రభుత్వము ప్రకటింపవలెను. కొలత పద్ధతి, సామగ్రి పట్టిక, విడతలు, గడువు, అదనపు పనికి ముందుగ వ్రాతమూలమైన అంగీకారము, లోపములకు హామీకాలము, అన్నియు అందుండవలెను. ఇంటి పటమునకు అనుమతి కోరునప్పుడే ఆ ఒప్పందపు ప్రతిని పురపాలక కార్యాలయమునందు దాఖలు చేయు వీలు కల్పింపవలెను. తగాదా వచ్చినప్పుడు పదిదినములలో వచ్చి చూచి, దోషము నేలదో, సిమెంటుదో, పనివానిదో వ్రాసియిచ్చుటకు ప్రతిపట్టణమునందును కొందరు ఇంజనీర్ల పట్టికను ఉంచవలెను. మా అనుభవమునందు ఇట్టి వ్యాజ్యెములలో సగము, నిష్పక్షపాతియైన ఇంజనీరు ఒక్కసారి గోడను చూచియున్నచో కోర్టుమెట్లెక్కియుండెడివి కావు.

నిర్మాతల మొరను మేము వినకపోలేదు. ధర్మాసనమున కూర్చున్నవాడు రెండుచెవులతో వినవలెను. స్లాబు పడిన పిమ్మట వంటగదిని తూర్పునుండి ఆగ్నేయమునకు మార్చుమను యజమానులు గలరు. ఒకరోజు వాస్తుపండితుడు, ఒకరోజు బావమరిది చెప్పినట్లు గోడలు కట్టించి, కూల్పించి, కడపట అదనపు ఖర్చు ఈయననువారు గలరు. పని పూర్తియైనను ఏదో గీతవంక చూపి కడపటి వాయిదాను సంవత్సరములు బిగపట్టువారును గలరు. చట్టము వీరినుద్దేశించియు చెప్పినది. ఒప్పందము ప్రకారము వేళకు సొమ్ము చెల్లించుట కొనువాని విధి. ఆలస్యమైనచో వడ్డీ అతడును ఈయవలెను. మంచి నిర్మాతకు వ్రాతకంటె మిత్రుడు లేడు. అన్నియు వ్రాసి, సరియైన ధర చెప్పినవాడు, ఏమియు వ్రాయక తక్కువ చెప్పినవానిచేతిలో ఓడిపోవుచున్నాడు. కాగితము వాడుకలోనికి వచ్చిననాడు మోసగాని చౌకధరకు విలువ పోవును. నిజాయితీపరునకు పని దొరకును.

తీర్పు వచ్చినంతమాత్రమున ఇల్లు రాదు. రేరా ఉత్తరువు ప్రకారము నిర్మాత సొమ్ము చెల్లింపనిచో దానిని భూమిశిస్తు బకాయివలె వసూలు చేయవచ్చునని చట్టములో నున్నది. ఆ వసూలు రెవెన్యూ ఉద్యోగుల చేతిలోని పని. రైతు శిస్తు బకాయికి ఇంటి చెంబు జప్తుచేసిన కాలమును మన తాతలెరుగుదురు. ఆ పట్టుదలలో పదవవంతు నిర్మాత బకాయిపై చూపుడని మేము కలెక్టర్లను కోరుచున్నాము. ఉత్తరువు పుచ్చుకొన్నవాడు మరల కచ్చేరీల చుట్టు తిరుగవలసివచ్చినచో, చట్టముమీది నమ్మకము ఇంటిమీది నమ్మకముకంటె ముందుగ బీటవారును.

ప్రభుత్వముచేయవలసినది ప్రభుత్వము చేయుగాక. మనము చేయవలసినది మనచేతిలో నున్నది. గృహస్థు ఒంటరివాడు, నిర్మాతలు సంఘములు గలవారు. ఒంటరి గృహస్థు కాళ్లు పట్టుకొని ఇల్లు అడుగుచున్నాడు. పదుగురు కూడినచో లేచి నిలిచి అడుగగలరు. నోయిడాలోని జంటమేడల కథ లోకమెరిగినదే. తమ ఆవరణలో నియమవిరుద్ధముగ లేచుచున్న రెండు పెద్దమేడలపై అక్కడి నివాసుల సంఘము 2012లో అలహాబాదు హైకోర్టునకు పోయినది. 2014లో అక్కడను, 2021 ఆగష్టు 31న సుప్రీముకోర్టునందును గెలిచినది. 2022 ఆగష్టు 28న ఆ మేడలు నేలమట్టమైనవి. పదియేండ్ల ఆ పోరాటము చేసినవారు కోటీశ్వరులు కారు. మెట్లదగ్గర కూడి చందాలు వేసికొన్న సాధారణ సంసారులు. ఒక్కరే పోయియున్నచో మొదటి వాయిదాకే విసిగి ఇల్లు చేరియుందురు. ఎక్కువ ఫ్లాట్లు అమ్ముడుపోయిన మూడునెలలలో కొన్నవారి సంఘమేర్పడునట్లు చూడవలసిన బాధ్యతను చట్టము నిర్మాతమీదనే పెట్టినది. అతడు పిలుచునని మీరు వేచియుండ నక్కరలేదు.

పఠనమందిరములలో ఈ పత్రికను చదువు సోదరులకు మా విన్నపమొక్కటి. మీ గ్రంథాలయములో పంచాంగముప్రక్కన రేరా ఒప్పందపు నమూనాను, మీ పట్టణపు కట్టడముల నియమములను ఒక్కొక్క ప్రతి ఉంచుడు. వారమునకొక సాయంకాలము చట్టమెరిగినవారొకరు, ఇంజనీరొకరు అచ్చట కూర్చుండునట్లు ఏర్పాటు చేయుడు. మేము మా వంతు వచ్చి కూర్చుండుటకు సిద్ధముగ నున్నాము. బయానా యిచ్చుటకు ముందు నలుగురికి ఆ కాగితము చూపు అలవాటు ఊరిలో నాటుకొన్ననాడు సగము తగాదాలు పుట్టకముందే అణగిపోవును. ఊరి కట్టుబాటు పోయినదని మొదట అంటిమి. క్రొత్త కట్టుబాటును పుట్టించు శక్తియు ఊరికే గలదు.

ఆ ఉపాధ్యాయుని ఇల్లింకను మెట్లులేకయే యున్నది. మేడమీదికి పోవుటకు ఆయన వెదురునిచ్చెన వేసికొన్నాడు. ఆయన వ్యాజ్యెము నడచుచున్నది. ఫలితమును మేమిప్పుడు చెప్పజాలము. గతవారము ఆయన మా గదికి తన తమ్ముని కొడుకును వెంటబెట్టుకొని వచ్చినాడు. ఆ పిల్లవాడు ఇల్లు కట్టింపనున్నాడట. కుర్చీలో కూర్చుండకముందే ఆయన వానితో పలికిన మొదటిమాట: "కాగితము తీయుము నాయనా, ముందు మెట్లను గూర్చి వ్రాయుము."